ఎద్దులకు ఉడకేసిన ఉలవలు

ఆ చలికాలమంతా మా ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద మనీప్లాంటు కుండీ ఉండింది. పెట్టినవారు మా ఆయన భీమసేనరావు. పొయ్యిని మరిచిపోవాలంటే ముందు అది పొయ్యిలా కనపడకూడదట. రోజూ స్నానం చేసి వచ్చి ఆ కుండీకి చెంబుడు నీళ్లు పోసేవారు. నీళ్లు కారి బర్నరు తుప్పు పట్టింది. నేను చూస్తూ ఊరుకున్నాను. ఊరుకోవడం నా స్వభావం కాదని ఆదోనిలో మా వీధి మొత్తానికీ తెలుసు. అయినా ఎందుకు ఊరుకున్నానో చెబుతాను.

మా ఆయన హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మనిషి. రిటైరయ్యాక పిల్లలు దొరకలేదు కాబట్టి ఊరికి పాఠం చెప్పాలన్న దురద పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఎమ్మిగనూరులో మధ్వేశ్ అనే ఆయన దొరికాడు. ఈ మధ్వేశ్ మొదట కంప్యూటర్ కోచింగ్ పెట్టాడు, తర్వాత టైల్స్ కొట్టు పెట్టాడు, తర్వాత మంచినీళ్ల ప్లాంటు. అన్నీ మూతపడ్డాక నిప్పు వల్లే మనిషి చెడిపోతున్నాడని కనిపెట్టాడు. నిరగ్ని ఆహార సంఘం పెట్టాడు. తెల్ల కుర్తా, మెడలో మైకు, చేతిలో ఒక మూకుడు మట్టి. ఎమ్మిగనూరు కల్యాణ మండపంలో నేను కూడా ఆయన మాటలు విన్నాను.

"అమ్మలారా, ఉడికిన ఉలవగింజ భూమిలో వేయండి. మొలకెత్తుతుందా? ఎత్తదు. అంటే అది శవం. పచ్చిగింజ వేయండి. మొలకెత్తుతుంది. అంటే ప్రాణం. మీరు మీ పిల్లలకు ప్రాణం పెడతాండారా, శవం పెడతాండారా?"

మండపం చప్పట్లతో ఊగిపోయింది. నాకు మాత్రం ఒక్కటే అర్థం కాలేదు. గింజ మొలకెత్తాల్సింది మళ్లోనా, మా పిల్లల కడుపులోనా? లేచి అడగబోతే మా ఆయన నా కొంగు పట్టి కూర్చోబెట్టారు.

ఆయన అంతగా లొంగిపోవడానికి ఇంకో కారణం ఉంది, అది మధ్వేశ్‌కు కూడా తెలియదు. మేము మాధ్వ బ్రాహ్మణులం. మా ఇళ్లలో నిప్పు మీద ఉడికినదేదైనా ముసురె, అంటే అంటు. అన్నం తాకిన చేత్తో ఇంకోటి తాకకూడదు, ఇతరుల ఇంట్లో ఉడికినది అసలే తినకూడదు. అదే పండు, నానబెట్టిన పప్పు అయితే ముసురె కాదు, ఎవరి ఇంట్లోనైనా తినొచ్చు. పెళ్లికి పోయినా అరటిపండు చేతిలో పెట్టుకుని కూర్చుని వచ్చే ఆయనకు ఊరంతటితో కలిసి ఒకే పంక్తిలో తినే దారి జీవితంలో మొదటిసారి కనపడింది. ఆదోని శాఖకు ఆయన కార్యదర్శి. పత్తి మండీ నూర్ బాషా కోశాధికారి. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకే పళ్లెంలోంచి నానబెట్టిన ఉలవలు నమలడం చూసి పేపరువాళ్లు ఫోటో తీసి మతసామరస్యం అని వేశారు. ఆ సామరస్యం సాయంత్రానికి ఇద్దరి కడుపుల్లోనూ ఒకే రకంగా ఉబ్బింది. నూర్ బాషా మండీలో కూర్చోలేక నిలబడే పత్తి వేలం పాడుతున్నాడని మా వీధిలో చెప్పుకున్నారు.

ఉదయం నానబెట్టిన ఉలవలు, మధ్యాహ్నం మొలకెత్తిన ఉలవలూ పచ్చి వేరుశనగలూ, సాయంత్రం పచ్చి ఉలవపిండి మజ్జిగలో. మాంసం తినేవాళ్లకు అదనంగా పచ్చికోడిగుడ్డు, పగలగొట్టి నేరుగా గొంతులోకి. ఇదీ సంఘం భోజనం. ఇందులో నాకు మిగిలిన పని నానబెట్టడం ఒక్కటే. అన్నం ముందు ఆకు చుట్టూ నీళ్లు తిప్పే పని కూడా మా ఆయనకు తప్పింది. మా ఇళ్లలో మగవాళ్లు ఉపనయనం అయిన నాటి నుంచి అన్నం వడ్డించగానే చేతిలో నీళ్లు పోసుకుని ఆకు చుట్టూ తిప్పుతారు. ఆకుకు కుడిపక్కన చిటికెడు చిటికెడు మెతుకులు వరసగా పెడతారు. దాన్ని చిత్రాహుతి అంటారు. అది చేయకుండా ఆయన ఒక్కనాడూ ముద్ద ముట్టింది లేదు. నానబెట్టిన ఉలవలకు అదేమీ అక్కరలేదు. అది భోజనం కాదు కదా. ఈ మాట నేను అంటే ఆయనకు కోపం వచ్చేది.

ఆయన ఏమైపోయినా నేను ఇంత బాధపడేదాన్ని కాదు. నా గుండె పీచుపీచుమన్నది మా ప్రార్థన గురించి. మాకు ఒక్కతే కూతురు. డిగ్రీ అయ్యాక కానిస్టేబుల్ అవుతానని పట్టుపట్టింది. మా బంధువుల్లో ఖాకీ వేసుకున్న ఆడపిల్ల ఇంతవరకు లేదు, అందరూ బుగ్గలు నొక్కుకున్నారు. మా ఆయన మాత్రం దాని పక్షాన నిలబడ్డారు, ఆ సంగతి ఒప్పుకోవాలి. రాతపరీక్ష రెండుసార్లూ గట్టెక్కింది. పోయినసారి పరుగు దగ్గర కొద్దిలో తప్పింది. పదహారు వందల మీటర్లు. ఈసారి కూడా తప్పితే మళ్లీ ఉద్యోగాలు ఎప్పుడు పిలుస్తారో, అప్పటికి వయసు ఉంటుందో లేదో. దానికి ఈ పరుగు తప్ప ఇంకో ఆలోచన లేదు. పొద్దున్నే చలిలో కాలేజీ మైదానానికి పోయి పరుగెత్తేది.

అటువంటి పిల్లను మా ఆయన సంఘానికి రాసిచ్చేశారు. సభలో మైకు పట్టుకుని "మా అమ్మాయి పరుగే మన ఆహారానికి పరీక్ష" అని చెప్పేసి వచ్చారు. మధ్వేశ్ వెంటనే ఫ్లెక్సీ కొట్టించాడు. మైదానం గేటు దగ్గర ప్రార్థన ఫోటో, కింద పెద్ద అక్షరాలతో "నిప్పు ముట్టని నోరు, అలుపెరగని కాలు". దాని కాళ్లు రోజురోజుకూ సన్నబడుతున్నాయి. ఫ్లెక్సీలో మాత్రం పుష్టిగా ఉన్నాయి.

ఒకరోజు నేను కుండీ కింద పెట్టి, పొయ్యి తుడిచి, కుక్కరు పెట్టాను. మా ఆయన వచ్చి చూశారు. కేకలు వేయలేదు. పోయి దేవుడి ముందు కూర్చుని, "ఈ ఇంట్లో నిప్పు రగిలినంత కాలం నేను మంచినీళ్లు కూడా ముట్టను" అన్నారు. ఆయనకు షుగర్ ఉంది. మధ్యాహ్నానికి చేతులు వణికాయి, చెమటలు పోశాయి. నేను ఏడుస్తూ కుక్కరు దించి కుండీ మళ్లీ పెట్టాను. ఊరుకున్నది అందుకు.

ప్రార్థనకు చెప్పి చూశాను. "బయట మనవాళ్ల హోటల్లో ఇడ్లీ తినిపోవే, ఎవరు చూస్తారు?"

"వద్దులేమ్మా. నాన్న కూడా అదే తింటాండాడు కదా. ఈ వయసులో ఆయన ఓర్చుకుంటాండాడు, నేను ఓర్చుకోలేనా?"

ఆ మాట విన్నప్పుడు నా కూతురంటే గర్వమూ, దాని తండ్రి అంటే ఒళ్లుమంటా రెండూ ఒకేసారి కలిగాయి.

విచిత్రం ఏమిటంటే ఆయన నిజంగానే బాగుపడ్డారు. మొదట్లో నూర్ బాషా లాగే పొట్ట పట్టుకుని తిరిగిన మనిషి, కొన్నాళ్లకు నున్నగా తేరుకున్నారు. బుగ్గలు నిండాయి. పొద్దున్నే మఫ్లరు చుట్టుకుని, చెంబు పట్టుకుని, పెద్దకడుబూరు రోడ్డు వైపు నడకకు పోయేవారు. వచ్చి వాకిట్లో కుర్చీలో కూర్చుని తృప్తిగా త్రేన్చేవారు. "చూడు భాగీ, శరీరం అలవాటు పడిపాయ. మొదట్లో లోపల విషాలుండాయి కాబట్టి కష్టమాయ. పాపకు కూడా అంతే, విషాలు పోతాండాయి" అనేవారు.

విషాలు పోతున్న పాప ఒక పొద్దున మైదానంలో మూడో చుట్టులో పడిపోయింది. మోకాలు చీరుకుపోయింది, కళ్లు తేలేసింది. తోటి పిల్లలు ఆటోలో తెచ్చి దించారు. అప్పుడే నడక నుంచి వచ్చి కూర్చున్న మా ఆయన దాని తల నిమిరి, "ఇంకొంచెం ఓపిక పట్టమ్మా, అయిపోవచ్చె" అన్నారు. నాకు ఆయన్ని ఆ కుండీతోనే కొట్టాలనిపించింది.

దాన్ని చూడటానికి సమ్రీన్ వచ్చింది. సమ్రీన్, ప్రార్థన బళ్లో కలిసి చదువుకున్నారు. సమ్రీన్ బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి ఇక్కడే డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతోంది. దాని తండ్రి హబీబ్‌కు పెద్దకడుబూరు రోడ్డు మీద పొలం, ఆ పొలంలోనే ఇల్లు, ఇంటిముందు పందెపు ఎద్దుల జత. బండలాగుడు పోటీల్లో ఆ జత పేరు చెబితే కోసిగి నుంచి దేవనకొండ దాకా అందరికీ తెలుసు. ఒకదాని పేరు నవాబు, ఇంకోదాని పేరు తూఫాను.

సమ్రీన్ ప్రార్థన కంచంలో ఉన్నది చూసింది. ముఖం ఎర్రబడింది.

"అత్తా, ఇది ఇట్లనే తింటాండాదా? పచ్చివే?"

"పచ్చివేనమ్మా. ఉడికితే శవమంట."

"ఇద్దరూ లేయండి. మా ఇంటికి పోదాం. మీకు ఒకటి చూపించల్ల."

మేము పోయేసరికి హబీబ్ ఎద్దుల ఒళ్లు రుద్దుతున్నాడు. ఆయన భార్య షరీఫా బీ వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద డేగిసా పెట్టి సాయంత్రం వంతుకు ఉలవలు ఉడకబెడుతోంది. ఆ వాసన తగలగానే నా కడుపు ఆడవాళ్లకు చెప్పుకోరాని శబ్దం చేసింది. వేడి ఉలవల వాసన పీల్చి ఎన్నాళ్లయిందో. మా ప్రార్థన ఆ డేగిసా వైపు చూసిన చూపు తల్లిగా నేను చచ్చేదాకా మరిచిపోను.

"హబీబన్నా, ఎద్దులకు ఉడకబెట్టి పెడతావా?" అన్నాను.

"మరి పచ్చివి పెడతారా అక్కా యాడన్నా? మా తాత కాలం నుంచి గుగ్గిళ్లే. మెత్తగా ఉడకల్ల, ఆరబెట్టల్ల, అప్పుడు పెట్టల్ల. లేకుంటే ఒళ్లు పట్టదు, బండ కదలదు."

"చూసినావా అత్తా" అంది సమ్రీన్. "నిజానికి ఎద్దుకు పచ్చివి పెట్టినా కొంత సర్దుకుంటాది. దాని కడుపు నాలుగు గదులు. మొదటి గదిలోనే కంటికి కనపడని జీవులు కోట్లుంటాయి, అవి సగం పని చేసి పెడతాయి. మనకుండేది ఒకటే గది. నాలుగు గదులున్న నవాబుకు ఉడకేసి పెడతాండాం, ఒక గది ఉన్న ప్రార్థనకు పచ్చివి పెడతాండారు."

నేను నోరు తెరుచుకుని విన్నాను. ఆ పిల్ల నాకు నిదానంగా చెప్పింది. మన పేగుల్లో మాంసకృత్తుల్ని ముక్కలు చేసే కత్తెర వంటిది ఒకటి ఉంటుందట, దాని పేరు ట్రిప్సిన్. అది ముక్కలు చేస్తేనే తిన్నది ఒంటికి పడుతుంది. ఉలవగింజ మనకోసం పుట్టలేదు, దాని మొలక కోసం దాచుకున్న తిండి అది. పురుగూ పుట్రా తిని అరిగించుకోకుండా లోపల ఒక ప్రోటీను పెట్టుకుంది. మనం పచ్చిగా తింటే ఆ ప్రోటీను పోయి కత్తెర నోట్లో ఇరుక్కుంటుంది. కత్తెర ఆడదు. తిన్నది తిన్నట్టే కిందికి పోతుంది, గాలి పుడుతుంది. లోపల క్లోమం ఇంకా కత్తెరలు కావాలేమోనని పనికి మించి పని చేస్తుంది. బాగా ఉడకబెడితే ఆ ప్రోటీను రూపు చెడిపోయి కత్తెరను చాలావరకు వదిలేస్తుంది. నానబెట్టినా మొలకెత్తించినా కొంత తగ్గుతుంది కానీ మొత్తం పోదు. వేరుశనగలోనూ, పచ్చిగుడ్డు తెల్లసొనలోనూ ఇటువంటివే వేరే రకాలు ఉన్నాయట.

"జలగ కూడా ఇంతే అత్తా. దాని నోట్లో ఒక ప్రోటీను ఉంటాది. మన రక్తం గడ్డకట్టించే కత్తెరను పోయి పట్టుకుంటాది. అందుకే జలగ వదిలినా రక్తం కారతానే ఉంటాది."

"అయితే ఆ మధ్వేశ్ నోట్లో కూడా ఏదో ప్రోటీను ఉండి ఉండాలమ్మా. ఆయన మాట్లాడితే చాలు, చదువుకున్నవాళ్ల బుర్ర ఆడటం మానేస్తోంది."

షరీఫా బీ నవ్వి, ఒక గిన్నెలో గుగ్గిళ్లు తీసి ఉప్పు, ఉల్లిపాయ, కొంచెం కారం కలిపి ప్రార్థన చేతికిచ్చింది. ఇచ్చేటప్పుడు నా ముఖంలోకి చూసింది. ఆమెకు మా సంగతులన్నీ తెలుసు. ప్రార్థన కూడా నన్నే చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఇతరుల ఇంట ఉడికినది ముట్టని వంశం మాది. తర్వాత దాని చీరుకుపోయిన మోకాలు కనపడింది.

"తినవే" అన్నాను.

తిన్నది. ఆవురావురుమని తిన్నది. నేను తినలేదు. నా గొంతు దిగదు, అది నా రోగం. షరీఫా బీ నాకు బలవంతం చేయలేదు, ఒక జామకాయ తెచ్చి ఒళ్లో పెట్టింది.

ఆ రోజు నుంచి ప్రార్థన మైదానం నుంచి నేరుగా హబీబ్ ఇంటికి పోయి, ఎద్దుల వంతులోంచి ఒక గిన్నె తిని వచ్చేది. మధ్యాహ్నం సమ్రీన్ టిఫిన్ డబ్బాలో అన్నం పప్పు. ఇంట్లో నేను పెట్టిన పచ్చి ఉలవలు నాన్న ఎదుట రెండు నమిలి, మిగతావి గోడ అవతల పక్కింటి కోళ్లకు. నాన్నకు చెప్పొద్దని అది నా చేత ఒట్టు వేయించుకుంది. చెబితే ఆయన మళ్లీ దేవుడి ముందు కూర్చుంటాడని దాని భయం, నా భయం. కొన్ని వారాల్లో దాని కాళ్లు ఫ్లెక్సీలో కాళ్లను అందుకున్నాయి.

మా ఆయన సంతోషం పట్టలేకపోయారు. "విషాలు పోయినాయి చూడు!" అని వీధి వీధంతా చెప్పుకొచ్చారు.

కర్నూలులో పరుగు జరిగిన రోజు నేను గేటు బయట నిలబడి రాఘవేంద్రస్వామిని, నవాబును, తూఫానును ఒకే వరసలో మొక్కుకున్నాను. ప్రార్థన బయటికి వచ్చి నన్ను చూసి గట్టిగా వాటేసుకుంది. గెలిచింది. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను, సిగ్గుపడలేదు.

గెలిచింది కూతురు, సన్మానం తండ్రికి. ఎమ్మిగనూరు కల్యాణ మండపం నిండిపోయింది. వేదిక మీద మధ్వేశ్, మా ఆయన, మధ్యలో పూలదండతో ప్రార్థన. నూర్ బాషా రాలేదు. ఆయన అప్పటికే రహస్యంగా బిర్యానీలోకి తిరిగి వెళ్లిపోయాడు. సంఘంలో సగం మంది వేరే వేరే వంకలు చెప్పి జారుకున్నారు. కానీ ప్రార్థన గెలుపు విని కొత్తవాళ్లు తండోపతండాలుగా వచ్చారు. ముందు వరసలో చంకలో పసిపిల్లతో ఒక తల్లి కూర్చుంది. ఆమె పేరు ఉచ్చీరమ్మ, కోసిగి వైపు నుంచి వచ్చిందట. బిడ్డకు బలానికి పచ్చి ఉలవపిండి ఎప్పటి నుంచి పెట్టాలో మధ్వేశ్ స్వామిని అడగాలని వచ్చానని నాతో చెప్పింది. ఆ బిడ్డ చేతులు పుల్లల్లా ఉన్నాయి. నేను ఆమెతో ఏదో చెప్పబోయేసరికి మైకు మోగింది.

"సంఘం రెండో దశలోకి పోతాండాం" అన్నాడు మధ్వేశ్. "ఇంతవరకు కడుపు శుద్ధి. ఇక రక్తశుద్ధి. వచ్చే నెల నుంచి జలగ చికిత్స! ఇంకో శుభవార్త. మన ప్రాంతానికి గర్వకారణమైన హబీబ్ గారి ఎద్దులు ఈసారి జాతర పందెంలో పచ్చి ఉలవలు తినే దిగుతాయి!"

ఈ సంగతి హబీబ్‌కు అప్పుడే తెలిసింది. ప్రార్థన సన్మానమని పిలిస్తే షరీఫా బీని తీసుకుని వచ్చి వెనక కూర్చున్న మనిషి, గబగబా వేదిక ఎక్కాడు.

"ఏందప్పా నువ్వు సెప్పేది? నా ఎద్దుల నోటికాడిది తీసేస్తావా? నేను ఒప్పుకోను."

"భయపడొద్దు హబీబన్నా. ఈ ఆడపిల్ల పరిగెత్తలేదా? ఎద్దుకేమి?"

ఆ మాటకు ప్రార్థన లేచింది. అది ముందు వరసలో ఉచ్చీరమ్మ బిడ్డనే చూస్తోందని నేను గమనించాను. దండ తీసి కుర్చీ మీద పెట్టింది. మధ్వేశ్ చేతిలోంచి మైకు తీసుకుంది.

"నేను పచ్చివి తిని పరిగెత్తలేదు. పచ్చివి తిన్నన్నాళ్లూ మైదానంలో పడిపోతి. తర్వాత హబీబ్ మామ ఇంట్లో ఎద్దులకు ఉడకేసిన గుగ్గిళ్లు తిని పరిగెత్తినా. రోజూ. షరీఫత్త పెట్టింది. అమ్మా, నీ బిడ్డకు పచ్చిపిండి పెట్టొద్దు. ఉడకబెట్టి పెట్టు."

మా ఆయన ముఖం తెల్లగా పాలిపోయింది. ఇంతలో హబీబ్ అమాయకంగా మైకు ముందుకు వంగాడు. ఆయనకు అబద్ధం ఆడటమూ రాదు, సగంలో ఆపటమూ రాదు.

"నిజమే. పాప తినింది ఒక గిన్నె. అయితే దినమూ రెండు గిన్నెలు తగ్గుతాండె. నేను ఎద్దుల్ని తోలుకొని నడకకు పోతాను, డేగిసా వాకిట్లో ఆరతా ఉంటాది, షరీఫా లోపల ఉంటాది. పాప వచ్చే లోపలే ఇంకెవురో తీస్కొని తింటాండ్రి. సలికాలం మొదలు నుంచి. దొంగే, కానీ వాని నిష్ఠ సూడల్ల! బండ మీద నాలుగైదు గింజలు వరసగా పెట్టి, సుట్టూ నీళ్లు తిప్పి, అప్పుడు తింటాండె. నేను వచ్చేసరికి ఆ తడి ఇంకా ఆరకుండా ఉంటాండె. ఇంత భక్తి ఉండే దొంగను నేను యాడా సూడలేదప్పా!"

ఆ మండపంలో మంత్రాలయం వైపు నుంచి వచ్చిన మావాళ్లు చాలామందే ఉన్నారు. మొదట ఒక మూల నుంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది. తర్వాత ఇంకో మూల నుంచి. ఆ నవ్వు అర్థం కానివాళ్లకు అర్థమైనవాళ్లు చెవిలో చెప్పారు. మా ఆయన గడియారం చూసుకుని, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ గడియారం చూసుకున్నారు.

మధ్వేశ్‌ను మెచ్చుకోవాలి. ఒక్క నిమిషం కూడా తడుముకోలేదు. "ముందు పచ్చివి తిని శరీరం శుద్ధి కావడం వల్లే తర్వాత ఉడికినవి అంత బాగా వంటబట్టినాయి. ఇదే మన మూడో దశ!" అన్నాడు. కొందరు చప్పట్లు కొట్టారు కూడా. ఉచ్చీరమ్మ మాత్రం బిడ్డను చంకన వేసుకుని లేచి, షరీఫా బీ దగ్గరికి పోయి ఏవో అడగడం మొదలుపెట్టింది.

ఇంట్లోకి అడుగుపెట్టగానే నేను కుండీ తీసి పెరట్లో పెట్టాను. తుప్పు గీకి పొయ్యి వెలిగించాను. మా ఆయన దేవుడి ముందు కూర్చోలేదు. వంటింటి గడప దగ్గర నిలబడి, "ఆ దొంగ మధ్వేశే అయ్యుంటాడు. వాడు కూడా మనవాడే కదా" అన్నారు.

"ఎమ్మిగనూరు నుంచి తెల్లారి బస్సెక్కి వచ్చి తినిపోయినాడంటారా?"

"ఏమో. ఆశ చెడ్డది."

ఉలవలు కుక్కర్లో మెత్తగా ఉడికించాను, అన్నం వండాను, కట్టు తీసి చారు కాచాను. ఇల్లంతా ఆ వాసన నిండింది. తండ్రికీ కూతురికీ ఎదురెదురుగా ఆకులు వేసి వడ్డించాను. గుగ్గిళ్లు ఆయన ఆకులో వేస్తూ మామూలుగా అడిగాను.

"ఉప్పు సరిపోయిందా చూడండి. హబీబ్ ఇంట్లో ఉన్నట్టే వేసినాను."

"ఆడ ఉప్పే ఉండదు. ఎద్దులకు కదా, చప్పగానే..."

మాట అక్కడ ఆగిపోయింది. కుడిచేతిలో నీళ్లు పోసుకుని ఆకు చుట్టూ తిప్పబోతున్న ఆయన అలాగే ఉండిపోయారు. నాకు నవ్వు రావాలి, రాలేదు. పచ్చి ఉలవలకు ఒక్కనాడూ నీళ్లు తిప్పని మనిషి ఎద్దుల గుగ్గిళ్లకు రోజూ తిప్పారు. పచ్చివి భోజనమని ఆయన మనసు ఒక్కనాడూ ఒప్పుకోలేదన్నమాట. ఆ సంగతి దేవుడికి చెప్పుకున్నారు, మాకు చెప్పలేదు.

ప్రార్థన ముద్ద కలుపుతూ కలుపుతూ తలెత్తింది. దాని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నాన్నా, నేను మైదానంలో పడిపోయిన పొద్దు కూడా తినే వచ్చినావా?"

ఆయన చేతిలోని నీళ్లు ఆకు చుట్టూ తిరగకుండానే వేళ్ల సందుల్లోంచి కారి అన్నంలో పడిపోయాయి. ప్రార్థన తల వంచుకుని తినడం మొదలుపెట్టింది. నేను దాని ఆకులో ఇంకో గరిటె గుగ్గిళ్లు వేశాను.